వసంత పెట్టిన పేరు

జములమ్మకు పదకొండేళ్లు వచ్చేదాకా పేరు లేదు. రేషన్ కార్డులో ఉంది, అమ్మ నోట్లో ఉంది, జములమ్మ దేవతకు మొక్కుకుంటే పుట్టిందని వాడకట్టంతా చెప్పుకునే ముచ్చట్లోనూ ఉంది. కానీ పుట్టుచెవిటి పిల్లకు అదెలా తెలుస్తుంది? పిలవాలంటే జబ్బ పట్టి లాగేవారు. దూరంగా ఉంటే మట్టిపెళ్ల విసిరేవారు. మరీ తొందరైతే వెనకనుంచి వచ్చి వీపు మీద ఒక్కటి చరిచేవారు. తండ్రి మాసయ్య పుణెలో మేస్త్రీల కింద పనిచేసే రోజుల్లో, పైనుంచి ఇటుక ముక్క పడి ఆమె కనుబొమ రెండుగా చీలింది. తప్పుకోమని అందరూ అరిచారట. అరిచి ఏం లాభం?

ఆ తర్వాత ఎవరో పుణ్యాత్ములు చెబితే మహబూబ్‌నగర్‌లో చెవిటి పిల్లల బడిలో వేశారు. మొదటి రోజు సాయంత్రం, కోడేరు నుంచి వచ్చిన వసంత అనే పిల్ల ఈమెను కిందికీ మీదికీ చూసి, కుడిచేతి రెండు వేళ్లు తన కనుబొమ మీద పెట్టి చర్రున గీసింది. అన్నాలవేళకల్లా హాస్టలంతా ఆమెను అలాగే పిలిచింది. తనకూ ఒక పేరుందని, పిలిస్తే తిరిగి చూడవచ్చని జములమ్మకు ఆ పూటే తెలిసింది. సంతోషం పట్టలేక తెల్లారేదాకా నిద్రపోలేదు.

చెవిటివాళ్లలో ఇదొక కట్టుబాటు. పేరు ఎవరికి వారు పెట్టుకోకూడదు. ఇంకో చెవిటి మనిషి నిన్ను చూసి పెట్టాలి. వాళ్ల కంటికి నువ్వు ఎట్లా కనబడ్డావో అదే నీ పేరు. నచ్చినా నచ్చకపోయినా మోయాల్సిందే. అదే బడిలో చదివిన మధుకు చిన్నప్పుడు చీమిడి కారుతుండేవాడని ముక్కు తుడుచుకునే సైగ పెట్టారు. ఇప్పుడు మీసాలు వచ్చి, పెళ్లై, ఇద్దరు పిల్లల తండ్రైనా వాడి పేరు అదే. వసంతకు బుగ్గన సొట్ట. జములమ్మ ఆమె బుగ్గ మీద వేలు గుచ్చి పేరు పెట్టింది.

వీళ్లు ముగ్గురూ పెద్దయ్యాక గద్వాలలో బట్టల వ్యాపారం పెట్టారు. నేతగాళ్ల వీధిలో ఒక పాత ఇంటి పై అంతస్తు అద్దెకు తీసుకున్నారు. గద్వాల నేత సంగతి తెలిసిందే కదా, ఒళ్లంతా నూలు, అంచు మాత్రం పట్టు. ఆ బట్టతో కుర్తాలు, కోట్లు, పెళ్లికూతుళ్ల జాకెట్లు. బొమ్మ గీసేది జములమ్మ. అంచు భుజం మీదికి రావాలా, వెన్నుపూస మీదుగా దిగాలా అని తేల్చి కత్తిరించేది వసంత. మిషన్ కుట్టు, అల్లిక మధువి. తర్వాత చేరినవాళ్లూ అందరూ చెవిటివాళ్లే. మెడ లోపలి పట్టీ మీద కంపెనీ పేరు ఉండేది కాదు. ఆ డిజైన్ ఎవరిదో వాళ్ల పేరు సైగను చిన్న చెయ్యిగా దారంతో కుట్టేవారు. కొన్నవాళ్లకు అదేమిటో అర్థమయ్యేది కాదు గానీ ముచ్చటపడేవారు.

ఆ గది చూసి తీరాల్సిందే. కుట్టు మిషన్లన్నీ గుండ్రంగా, ఒకరి ముఖం ఒకరికి కనబడేటట్టు వేసుకున్నారు. నడుమ కత్తిరింపు బల్ల. కింద చెక్కల నేల, కాలితో దబ్బున తొక్కితే అందరి పాదాలకూ తెలిసేది. కుడుతూనే కబుర్లు, పోట్లాటలు, ఊళ్లోవాళ్ల మీద హేళనలు, అన్నీ చేతులతోనే. ఇక కరెంటు. అది పోయినప్పుడల్లా జములమ్మ లేచి మెయిన్ స్విచ్ కిందికి దించేది. మెయిన్ పైన వేరే తీగ మీద ఒక ఎర్ర బల్బు. అది వెలిగితే కరెంటు వచ్చినట్టు. అప్పుడు ఆమె గది చుట్టూ ఒక చూపు చూసేది. అందరూ రెండు చేతులూ పైకెత్తి చూపాలి. ఆఖరి చెయ్యి లేచాకే మెయిన్ ఎక్కేది. మిషన్ మోగడం మొదలైందని చెవిటి మనిషికి ఎవరు చెబుతారు మరి? ఆ నియమం పెట్టింది జములమ్మే.

కరెంటు లేని ఆ కాస్త సేపూ వసంత ఊరికే కూర్చునేది కాదు. కత్తిరింపు మిషన్‌కు నిలువు కత్తి ఉంటుంది, కిందికీ మీదికీ ఆడుతూ ఒకేసారి ఇరవై పొరల బట్ట కోసేస్తుంది. దానికి పట్టు పోగులు చుట్టుకుంటాయి. కరెంటు పోగానే వేళ్లు పెట్టి ఆ పోగులు లాగేసేది. మెయిన్ దగ్గర జములమ్మ ఉంది కదా, భయమేముంది.

అంతా సవ్యంగా సాగుతుంటే హైదరాబాదులోని ఒక పెద్ద బట్టల దుకాణం వాళ్ల కన్ను వీళ్ల మీద పడింది. వాళ్ల తరఫున తేజస్విని అనే మేడం వచ్చింది. పెద్ద ఆర్డరు ఇస్తాం గానీ ఈ అటక మీద కాదు, పద్ధతైన యూనిట్ ఉండాలంది. జములమ్మ తమ్ముడు రవి ఎగిరి గంతేశాడు. ఫోన్లు, పార్సిళ్లు, బ్యాంకు పనులు చూసేది వాడే. ఆ గుంపులో చెవులున్నది వాడొక్కడికే. చెడ్డవాడు కాదు. అక్క కోసం చిన్నప్పుడే సైగలు నేర్చినవాడు. కానీ మాట్లాడే పనంతా వాడిదే కావడంతో, చూసేవాళ్లకు యజమాని వాడే అనిపించేది. కొన్నాళ్లకు వాడికీ అలాగే అనిపించసాగింది.

పెద్దమందడి దగ్గర రేకుల షెడ్డు దొరికింది. మిషన్లు లారీకెత్తి కృష్ణ వంతెన దాటించారు. బీచుపల్లి ఆంజనేయుడి ముందు లారీ ఆపి రవి టెంకాయ కొట్టాడు. షెడ్డులో నేల సిమెంటుది. కాలు విరిగేలా తొక్కినా పక్కవాడికి తెలియదు. మిషన్లు వరసలుగా వేయాలని మేడం కాగితం మీద గీసి పంపింది. ఒకరి వెనక ఒకరు, అందరి ముఖాలూ గోడవైపు. కత్తిరింపు బల్ల చిట్టచివర. మెయిన్ బోర్డు ముందు గోడకు, అక్కడే జములమ్మ బల్ల.

"గిట్లయితె ఎవరితోని మాట్లాడాలె? గోడతోనా?" అని వసంత చేతులు విసిరింది.

జములమ్మ ఒక పూట ఆలోచించి వనపర్తి వెళ్లి అద్దాలు తెచ్చింది. మంగలి షాపుల్లో ఉండేలాంటివి. ప్రతి మిషన్ ఎదుటా ఒకటి, పక్క గోడలకు కొన్ని, తన బల్ల ముందు మెయిన్ పక్కన అన్నిటికంటే పెద్దది. తల తిప్పకుండానే షెడ్డంతా కనబడేది. కబుర్లు మళ్లీ మొదలయ్యాయి. కరెంటు వచ్చినప్పుడు ఆమె ఆ పెద్ద అద్దంలోకి చూసేది, వెనక అన్ని చేతులూ లేచేవి, చివర బల్ల దగ్గర వసంత కావాలనే అందరికంటే ఆలస్యంగా ఎత్తి సొట్ట పడేలా నవ్వేది. తర్వాత మెయిన్ ఎక్కేది.

ఆర్డరు సగంలో ఉండగా తేజస్విని వీడియో తీయించడానికి కెమెరావాళ్లతో దిగింది. వచ్చీ రాగానే ముఖం చిట్లించి రవితో ఏదో అంది. రవి అక్క దగ్గరికి వచ్చాడు.

"అక్కా, అద్దాలతోని కెమెరాల లైటు కొడ్తుందంట. ఇంగ పిల్లలు పని ఇడిశిపెట్టి మొఖాలు చూస్కుంటున్నట్ల కనపడ్తదంట. జర తీసేద్దాం."

"అవి మొఖం చూస్కునేటియి కాదు. మాట్లాడుకునేటియి."

"నాకు తెల్వదా? వీడియో అయినంక మల్ల పెట్టుకుందువు, పరేషాన్ గాకు."

జములమ్మే స్టూలెక్కి ఒక్కొక్కటీ దించింది. వీడియో తీశారు, వెళ్లిపోయారు. మళ్లీ పెట్టుకోవచ్చు. సుత్తి ఉంది, మేకులు గోడకే ఉన్నాయి. కానీ ఆ సాయంత్రం తయారైన బట్టలు లెక్కేస్తే ముందు రోజుకంటే ఎక్కువ తేలాయి. మర్నాడు ఇంకా ఎక్కువ. ఎందుకో జములమ్మకు తెలుసు. మాటలు లేవు. తలలు వంచుకుని కుడుతున్నారు, అంతే. తమ జనం నోళ్లు కట్టేస్తే పని బాగా సాగుతుందని కళ్లారా చూసింది, చూసి ఊరుకుంది. ఈ కథలో తప్పంటూ ఉంటే అది అద్దాలు దించినప్పటిది కాదు, ఇక్కడిది.

వసంత వచ్చి అడిగింది. "అద్దాలెప్పుడు పెడ్తవ్?"

"ఆర్డరు పోనీ. జర ఓపిక పట్టు."

వసంత ఆమె ముఖంలోకి చూసి, తన బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ రోజు పొద్దుటినుంచీ కరెంటు దోబూచులాడుతోంది. పోయినప్పుడల్లా జములమ్మ మెయిన్ దించడం, బల్బు వెలిగాక వెనక్కి తిరిగి చేతులన్నీ చూసి ఎక్కించడం. మధ్యాహ్నం మళ్లీ పోయింది. దించింది. బట్ట మీద సుద్దతో గీతలు గీసుకుంటూ కూర్చుంది. మనసంతా ఆ గీతల మీదే ఉంది. బల్బు వెలిగింది. లేచి, అలవాటుగా అద్దం వైపు చూసింది. అక్కడ అద్దం లేదు, ఒట్టి మేకు ఉంది. కానీ చూడవలసిన చోట కన్ను చూసేసింది. చెయ్యి తన పని తాను చేసింది. మెయిన్ ఎక్కించి, కూర్చుని, మళ్లీ సుద్ద పట్టుకుంది.

ఎంతసేపు గీసిందో తెలియదు. ఒక కుర్తా చేతులు రెండూ గీసింది. మెడ గీస్తుండగా వీపు మీద దబ్బున దెబ్బ పడింది. తిరిగితే మధు. వాడి చొక్కా మీద రక్తం.

రెండు వేళ్లు పోయాయి. కుడిచేతి చూపుడు వేలు, దాని పక్కది, మొదలంటా. వసంత కత్తిరింపు బల్ల పక్కన కిందపడి ఉంది. నోరు ఇంత తెరిచి ఉంది. ఆ తెరిచిన నోట్లోంచి ఎంత అరుపు వచ్చిందో షెడ్డులో ఎవరికీ తెలియదు. విని పరుగెత్తగలిగిన రవి గేటు బయట ఫోన్‌లో ఉన్నాడు.

వనపర్తి దవాఖానాలో కట్టు కట్టి మహబూబ్‌నగర్ పంపారు. అక్కడా వేళ్లు అతకవన్నారు. డాక్టరు అడిగేదంతా రవిని అడిగాడు, వసంతవైపు ఒక్కసారి కూడా తిరగలేదు. సాయంత్రానికి కోడేరు నుంచి వసంత తల్లి అంజమ్మ వచ్చింది. కూతురి చెయ్యి చూసి గుండెలు బాదుకుంది. జములమ్మకు పెదాలు చదవడం అంతంతమాత్రమే. కానీ అంజమ్మ ఒకే మాట తిప్పి తిప్పి అంటోంది.

"ఆ చెయ్యే కద దాని నోరు. ఆ చెయ్యే కద దాని నోరు."

ఎడమ చెయ్యి ఉంది కదా అనవచ్చు. సైగ ఎరిగినవాళ్లు అనరు. సగం మాటలకు రెండు చేతులూ కావాలి. అక్షరాలకైతే దాదాపు అన్నిటికీ కావాలి. వసంత మగతలోంచి తేరుకుని తల్లిని నీళ్లు అడగబోయింది. కట్టు కట్టిన చెయ్యి అలవాటుగా లేచి, గాలిలో తడబడి, ఆగిపోయింది. జన్మలో మొదటిసారి ఆమెకు నత్తి వచ్చింది. సిగ్గుతో చెయ్యి దుప్పటి కిందికి తోసేసి గోడవైపు తిరిగిపోయింది. జములమ్మ మంచం పక్కనే నిలబడి ఉంది. వసంత ఆమెవైపు చూడలేదు. గాయం కాస్త తగ్గాక అంజమ్మ కూతురిని కోడేరు తీసుకుపోయింది.

ఆర్డరు హైదరాబాదు చేరింది. దసరా పోగానే తేజస్విని పళ్లబుట్ట పట్టుకుని పరామర్శకు వచ్చింది. వసంత లేదని తెలిసి బుట్ట బల్ల మీద పెట్టింది. తర్వాత అసలు సంగతి విప్పింది. ఇంకా పెద్ద ఆర్డరు ఇస్తారు. కానీ చెవులు వినబడనివాళ్ల చేతిలో షెడ్డు ఉంటే ఇలాంటివే జరుగుతాయని పైవాళ్లు భయపడుతున్నారు. ఇకమీదట రవి మేనేజరుగా ఉండాలి, తాళాలు, మెయిన్, మనుషులు అన్నీ అతని కింద. జములమ్మ హాయిగా బొమ్మలు గీసుకోవచ్చు. రవి ఇదంతా అక్కకు సైగ చేసి చెప్పాడు, కళ్లలోకి చూడకుండా.

జములమ్మకు ఒళ్లు మండిపోయింది. నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి చేతులతో చెప్పింది.

"మేడంకు చెప్పు. వినపడక కాలేదు ఇది. కనపడక అయ్యింది. మమ్మల్ని వరసల్ల కూసవెట్టింది మీరు. అద్దాలు తీయమన్నది మీరు. తీసింది నేను. తీసినంక పని ఎక్కువైతుందని మల్ల పెట్టకుంట ఊకున్నది గూడ నేనే. మెయిన్ ఎక్కిచ్చింది ఈ చెయ్యి. తప్పు నాది, మీది. మా చెవులది కాదు."

రవి తేజస్విని వైపు తిరిగి మాట్లాడాడు. తేజస్విని వింటూ వింటూ తల ఊపి, చల్లగా నవ్వింది. చేయి చాపి జములమ్మ భుజం తట్టింది.

ఈ మాటలు విన్న మనిషి ముఖం అలా ఉండదు. జములమ్మకు చెవులు లేకపోవచ్చు, ముఖాలు చదవడంలో ఆమెను మించినవాళ్లు లేరు. తమ్ముడి వైపు చూసింది.

"ఏం చెప్పినవ్?"

రవి తల దించుకున్నాడు. "అక్కా, ఇంత మంది బతుకు ఉంది దీని మీద. నీకు పెద్ద మనసంట, థ్యాంక్స్ అన్నవని చెప్పిన."

జములమ్మ ఊరుకోలేదు. మూలన గోనె కప్పి ఉంచిన పెద్ద అద్దం మోసుకొచ్చి పాత మేకుకు తగిలించింది. తేజస్విని జబ్బ పట్టుకుని దాని ఎదుట నిలబెట్టింది. వెనక అందరినీ చేతులెత్తమంది. మధు ఎత్తాడు, అందరూ ఎత్తారు. అద్దం నిండా లేచిన చేతులు. చివర బల్ల దగ్గర ఖాళీ. చూడు, ఇదీ మేం వినే పద్ధతి, ఇది తీసేస్తే ఏమైందో చూడు అని జములమ్మ అద్దం లోపలికి వేలు పెట్టి చూపించింది.

తేజస్విని అద్దంలోకి చూసింది. ఏమనుకుందో ఏమో, నుదుటి మీద పడ్డ వెంట్రుకలు చెవి వెనక్కి సర్దుకుంది. బొట్టు సరిచేసుకుంది.

జములమ్మ చేతులు వాటంతట అవే కిందికి దిగిపోయాయి. తాళాలగుత్తి తీసి తమ్ముడి చేతిలో పెట్టి బయటికి నడిచింది. మధు ఒక్కడే ఆమె వెంట వచ్చాడు. మిగతావాళ్లు రాలేదు. వాళ్లకు ఇళ్లున్నాయి, పిల్లలున్నారు. వాళ్లను అనడానికి ఆమెకు మొహమూ లేదు.

నాలుగు రోజులకు కోడేరు బస్సెక్కింది. వసంత వాళ్లకు పత్తి తీతల రోజులు. అందరూ చేనుకు పోయారు. వసంత ఒక్కతే అరుగు మీద కూర్చుని ఎడమ చేత్తో పల్లికాయ వొలుస్తోంది. కుడి చెయ్యి కొంగులో ఉంది. జములమ్మను చూసి లేవలేదు, పొమ్మనీ అనలేదు.

జములమ్మ ఎదుట కూర్చుంది. దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ చెప్పింది. షెడ్డు వదిలేశానంది. గద్వాలలో ఆ పాత గదే మళ్లీ అడిగానంది. నాలుగు మిషన్లే, గుండ్రంగానే వేస్తానంది. "నువ్వు కత్తిరియ్యకున్నా సరే. అంచు యాడ వడాలెనో చెప్పు చాలు. రా."

వసంత పల్లికాయ పక్కన పెట్టింది. కొంగులోంచి కుడి చెయ్యి తీసింది. మూడు వేళ్ల చెయ్యి. ఎడమది దానికి తోడు చేసి, తడబడుతూ, ఆగుతూ, మధ్యలో విసిగి మళ్లీ మొదలుపెడుతూ చెప్పింది.

"ఆ దినం మస్తు ఒర్లిన. ఎంత గట్టిగ ఒర్లిననో నాకు తెల్వదు. ఎవరూ వినరని తెలుసు. నిన్నే చూస్కుంట ఒర్లిన. తిరుగుతవేమో అని. నువ్వు గీతలు గీస్తున్నవ్. నీ వీపే కనపడ్డది. శానసేపు. ఇప్పుడు కండ్లు మూసుకున్నా గదే కనపడ్తది."

జములమ్మ చేతులు ఒళ్లో పడి ఉన్నాయి. క్షమించమనడానికి కూడా అవి లేవలేదు.

వసంత ఆమెను చాలాసేపు చూసింది, కిందికీ మీదికీ, హాస్టల్‌లో మొదటి రోజు చూసినట్టే. అలవాటుగా కుడి చెయ్యి కనుబొమ దాకా లేచింది. గీయడానికి ఆ రెండు వేళ్లు లేవు. చెయ్యి అక్కడే కాసేపు ఆగింది. తర్వాత మెల్లగా భుజం మీదుగా వెనక్కి పోయింది. మిగిలిన మూడు వేళ్లతో తన వీపు మీద రెండుసార్లు తట్టుకుంది. తట్టుకుని, అదే చేత్తో జములమ్మను చూపించింది.

జములమ్మకు అర్థమైంది. అలా కాదని అనడానికి, పాతదే ఉంచమని బతిమాలడానికి ఆ కట్టుబాటులో చోటు లేదు. తల ఊపింది. వసంత మళ్లీ పల్లికాయ అందుకుంది, గద్వాలకు వస్తాననీ రాననీ చెప్పలేదు. చీకటి పడేదాకా చూసి జములమ్మ ఆఖరి బస్సెక్కింది.

గద్వాల గదిలో మధు మిషన్లు దించి ఎదురుచూస్తున్నాడు. ఆమె మెట్లెక్కి రాగానే చెక్కల నేల దబ్బున తొక్కి, కనుబొమ మీద రెండు వేళ్లు గీసి పిలిచాడు.

జములమ్మ అడ్డంగా తల ఊపింది. మూడు వేళ్లు మాత్రం మిగిల్చి, చెయ్యి భుజం మీదుగా వెనక్కి వేసి, వీపు మీద రెండుసార్లు తట్టుకుంది. మధు ముఖం మాడిపోయింది.

"గదేం పేరు? ఎవరు పెట్టిండ్రు?"

"వసంత పెట్టింది. ఇప్పటిసంది నా పేరు ఇదే," అంది జములమ్మ. దారం ఎక్కించిన సూది తీసుకుని, కొత్తగా కుట్టబోయే మొదటి కుర్తా మెడ పట్టీ మీద ఆ మూడు వేళ్ల చెయ్యి కుట్టడం మొదలుపెట్టింది. కుట్టినంతసేపూ మిషన్ల నడుమ ఖాళీగా ఉన్న కత్తిరింపు బల్లకు ఎదురుగానే కూర్చుంది.